చీమలు వచ్చేదాకా

పదకొండవ కత్తిని సానరాయిపై వాలుగా ఆనించి, ముంతలోని నీటిని నాలుగు చుక్కలు చిలకరించి, దేవయ్య తన పనిని కొనసాగించాడు. ముప్పై ఏళ్ల రాపిడికి ఆ రాయి నడిమిభాగం అరిగి, దోసిలివలె గుంటపడి ఉంది. బోధన్‌కు రెండు కోసుల దూరాన, చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లబాట పక్కన, నాలుగు వెదురు గుంజల పందిరి కింద ఆయన నిత్యం కూర్చునే చోటది. పంతొమ్మిది వందల అరవై రెండు, జనవరి మాసం. మంచు ఇంకా వీడలేదు. తోటలపైని తెల్లని చెరుకుపూలు నేలతో సంబంధం లేకుండా గాలిలో తేలుతున్నట్లున్నాయి. బండ్లు కంటబడకముందే ఎద్దుల మెడగంటలు వినబడుతున్నాయి. కాగుతున్న రసపు వాసన ఆ ప్రాంతమంతటా నిద్రవలె పరచుకొని ఉంది.

పదును పెట్టిన ప్రతి కత్తి అంచుపైన ఆయన కుడి బొటనవేలిని అడ్డంగా జార్చి చూసేవాడు. ఆ పరీక్షలో వేలిగీతలన్నీ ఏనాడో చెరిగిపోయాయి. ఎక్కడ వేలిముద్ర వేసినా కాగితంపైన గీతలు లేని నల్లని మచ్చ మాత్రమే మిగిలేది.

పోలీసు జవాను సైకిలు దిగకుండానే పిలిచాడు.

"దేవయ్యా, పంచ్‌కు రావాలె. అమీన్‌సాబ్ రమ్మంటుండు."

రొట్టె మూట తెచ్చిన భార్య శారమ్మ భర్తను ఎగాదిగా చూసింది. "రాత్రంత ఎడమ రెక్క గుంజుతుందంటివి. ముద్ర ఏసి జల్ది రా. పెద్దోళ్ల ముంగట ముచ్చట్లు పెట్టకు."

ఆ తెల్లవారుజామున, చెరుకు కోసే కూలీల మేస్త్రీ దశరథం తోటలో చచ్చి పడి ఉన్నాడు. మెడపక్కన లోతైన గాయం. క్రితం సాయంత్రం, బిడ్డకు జ్వరమని ధర్పల్లి పోవడానికి సెలవడిగిన బాలన్న అనే కూలీకీ, ఇవ్వనన్న దశరథానికీ పదిమంది ఎదుట పెద్ద తగాదా జరిగింది. బాలన్న గుడిసె చూరులో దొరికిన చెరుకు కత్తిపైన నల్లని మరక ఉంది. దేవయ్య చేరేసరికి శవాన్ని దవాఖానాకు పంపివేశారు. కత్తి చుట్టూ గోనెపట్టాలపైన బడిపంతులు రామస్వామి, కిరాణా వర్తకుడు లక్ష్మీరాజం, ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. దేవయ్యతో, సాక్షులుగా కాగితంపైన ముద్ర వేయవలసిన పంచులు ఐదుగురయ్యారు. దూరంగా చేతులకు తాడుతో బాలన్న తల వంచుకొని ఉన్నాడు.

ఠాణా పెద్ద అయిన అమీన్ కాగితం చదివి వినిపించాడు: "ఈ కత్తిపైన రక్తపు మరకను మేము ఐదుగురము చూచితిమి. ఈ కత్తితోనే హత్య జరిగినదని మా అభిప్రాయము."

దేవయ్య వేలు ముందుకు రాలేదు. పదిహేనేళ్ల క్రితం ఆయన ఇటువంటి కాగితంపైనే, ఒక గొడ్డలిని చూడకుండానే, ముద్ర వేశాడు. ఆ గొడ్డలి గల మనిషి జైలునుండి తిరిగి రాలేదు. నాటినుండి ఎవరో ముఖం లేని మనిషి కలలో వచ్చి ఆ గొడ్డలిని పదును పెట్టమని అందించేవాడు. తెల్లవార్లూ నూరినా దానికి అంచు వచ్చేది కాదు.

"సాబ్, మొన్న గీ కత్తి నేనే సానబట్టిన. ఎముకకు తాకితే అంచు మడత పడ్తది. ఎండకు పట్టి సూడుండ్రి, మడత పడలేదు."

"మెడల అంత ఎముకనేనా, దేవన్నా? మెత్తటి తావు లేదా?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఉంటది," అని దేవయ్య నిజాయితీగా ఒప్పుకున్నాడు. "గని నరికిన చెరుకు మొదళ్లు గూడ ఈటెల లెక్కనే ఉంటయి. తాగి పడ్డడో ఏమో, మనం సూసినమా?"

"మరి మరక?"

"చెరుకు రసం ఇనుముమీద ఆరితే గిట్లనే నల్లగైతది. రసమైతే చీమలొస్తయి. జర సేపు కింద పెట్టి సూద్దాం."

లక్ష్మీరాజం పకపకా నవ్వాడు. "చీమలను గూడ పంచులల్ల కలుపుతవా? అవి బొటనవేలు ఏడ పెడ్తయే?"

అమీన్ కూడా నవ్వి, టీ వచ్చేదాకా గడువిచ్చాడు. కత్తిని నేలపైన ఉంచారు. మంచు పలుచనై, ఎండ పాలవలె దిగింది. ఎదిగిన పెద్దమనుషులు ఐదుగురు, ఒక పోలీసు అధికారి, ఒక ఖైదీ, అందరూ జానెడు నేలను రెప్పవేయక చూస్తూ ఉండిపోయారు. ఎక్కడో ఫ్యాక్టరీ కూత నీటి అడుగునుండి వచ్చినట్లు వినబడింది. కాలం ఎంత గడిచిందో ఎవరికీ తెలియలేదు. ముందుగా ఒక చీమ వచ్చింది. పిడి చుట్టూ తిరిగి, వెళ్లిపోయింది. మరికొంతసేపటికి సన్నని నల్లని దారంవలె బారుగా వచ్చి మరకపైకి ఎక్కాయి.

"రక్తానికి గూడ చీమలొస్తయి," అన్నాడు రామస్వామి మెల్లగా. "పొద్దంత చెరుకు నరికిన కత్తే గదా. రసం మీద రక్తం ఉంటే?"

"అవును పంతులూ, రెండూ ఉండొచ్చు. రక్తం కాదని నేనంటలేను. నాకు ఎర్క లేదంటున్న. గా కాగితం మాత్రం నాకు ఎర్కనే అంటుంది."

"వాడు నీకు సుట్టమా?" అమీన్ గొంతు కరుకైంది. "రేపటిసంది బాట పక్కన నీ పందిరి ఉంటదో లేదో సూసుకో."

"పందిరి పోతే ఇంకో తావున కూసుంట, సాబ్. మెడ పోతే యాడ తెస్తం?"

రామస్వామి తెరిచిన కలానికి మళ్లీ మూత పెట్టాడు. లక్ష్మీరాజం గొంతు సవరించుకున్నాడు. "నాక్కూడ గట్లనే అనిపిస్తుంది, సాబ్. చీమలు ఆగం జేసినయి." రైతులిద్దరూ తలలూపారు.

అమీన్ చాలాసేపు చీమలను చూసి, ఆ కాగితాన్ని చింపి మరొకటి వ్రాశాడు: కత్తిపైన నల్లని మరక గలదు, అది రక్తమో రసమో పంచులకు తెలియదు. దేవయ్య వేలు నొక్కి ఎత్తగానే నల్లని మచ్చ కనబడింది. "ఇది వేలా, అరిగిన పైసానా?" అని అమీన్ విసుక్కున్నాడు.

బాలన్న దేవయ్య ముందునుండి నడుస్తూ ఆగాడు. "బాపూ, నేను..."

"నాకు చెప్పకు, బిడ్డా. కోర్టుల చెప్పు," అన్నాడు దేవయ్య.

పొద్దు వాలుతుండగా ఆయన పందిరికి తిరిగి వచ్చి పన్నెండవ కత్తిని అందుకున్నాడు. నాలుగు చుక్కలు చిలకరించాడు. కొంతసేపటికి గుంజకు వీపు ఆనించాడు. టీ తెచ్చిన శారమ్మ, "ఏందయ్యా, పని ముంగట పెట్టుకొని పంటవా?" అంటూ భుజం తట్టింది. చేతిలోని కత్తి మెల్లగా ఒడిలోకి జారింది. బాటపైన బండ్లు పోతూనే ఉన్నాయి.

మూడు నెలల తరువాత నిజామాబాదు కోర్టులో ఐదవ పంచు దేవయ్యను మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, చనిపోయాడని వ్రాసుకున్నారు. జడ్జిగారు ఆ కాగితంలోని చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివించుకొన్నారు. సందేహానికి తావున్నదని బాలన్నను విడిచిపెట్టారు. నిజమేమిటో ఆనాడూ ఎవరికీ తెలియదు.

తొలకరి పడిన మరునాడు బాలన్న ఆ బాటన వచ్చాడు. పందిరి లేదు. సానరాయి మాత్రం అక్కడే ఉంది. దాని గుంటలో నిలిచిన వాననీటి అంచు వెంబడి ఒక చీమలబారు, ఎక్కడా తొందరపడకుండా, చుట్టి పోతోంది.