అర్థమైందా?

"సూడు సులోచనా, ఫైళ్లు ఎవరైనా రాస్తారు. పాఠం సెప్పేది అట్ల కాదు, అది పుట్టుకతో రావాల. అర్థమైందా?" అన్నారు మా ఆయన, నేను తట్టిన జొన్నరొట్టెను తుంచుకుంటూ.

"అర్థమైంది" అన్నాను, పెనం మీద ఇంకో రొట్టె తిప్పుతూ.

మా ఆయన రాఘవ్ ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతారు. ఊరికే చెప్పరు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి చదువు వైపు వచ్చినందుకు ఆయనకు తన మీద తనకు చాలా గౌరవం. నేను యూనివర్సిటీ వాళ్ల ఆదోని ఆఫీసులో పనిచేస్తాను. చుట్టుపక్కల కాలేజీల్లో పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారో లేదో చూడటం, నేర్చుకోకపోతే చెప్పే పద్ధతి మార్పించడం నా ఉద్యోగం. మా అత్త బసమ్మ చుట్టాలతో "మా కోడలు ఆఫీసులో రాసుకుంటాది" అంటుంది. మా ఆయన ఆ రెండు ముక్కలు కూడా అనవసరమని "ఫైళ్లు" అనేస్తారు. ఆయన చప్పట్లు కొట్టించుకునే పాఠాల నోట్సు ఆదివారాలు కూర్చుని టైపు చేసేది నేనే. అది మాత్రం ఫైళ్ల కిందకు రాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆలూరులో ఒక క్లాసుకు వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. పాఠం ఆఖర్న లెక్చరరు "అర్థమైందా?" అన్నారు. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో పలికింది. నా పక్కనున్న పిల్లకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, అందరికంటే గట్టిగా అరిచింది తనే. అప్పటి నుంచి ఆ ప్రశ్న మీద నాకు పగ. దాని బదులు "నీ మాటల్లో నాకు చెప్పు" అని అడగమని కాలేజీ కాలేజీ తిరిగి పోరాను. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత కొందరు విన్నారు. కోడుమూరులో నోరు విప్పని ఆడపిల్లలు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతుంటే చూసి, తిరుగు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చిన రోజులున్నాయి. ఇంత చేసి, ఇంటికొచ్చి రోజూ "అర్థమైంది" అంటూనే ఉన్నాను. ఆ సంగతి నాకు తట్టనేలేదు చూడండి!

ఈ ఏడాది యూనివర్సిటీ ఒక మంచి పాఠాన్ని వీడియో తీసి, శిక్షణలో లెక్చరర్లందరికీ చూపించాలనుకుంది. ఎమ్మిగనూరు ప్రిన్సిపాల్ మా ఆయన పేరు పంపారు. పాఠం విని, సరేనని సంతకం పెట్టాల్సింది నేను. సొంత మొగుడి పాఠం నేను చూడటం బాగుండదని పైవాళ్లకు చెప్పాను. "మీరు కాక ఇంకెవరున్నారమ్మా, వెళ్లి రండి" అన్నారు. మా ఆయన హుషారుగా కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. నా చేతనే.

చివరి బెంచీలో కూర్చున్నాను. పాఠం తరుగుదల. యంత్రం వాడేకొద్దీ అరుగుతుంది, ఏటా ఆ మేరకు విలువ తగ్గించి లెక్క రాయాలి. చెప్పాల్సింది అంతే.

"మిషన్లు ఎందుకప్పా, ఇంట్లో పెళ్లాన్ని సూడండి" అన్నారు మా ఆయన. "తెచ్చుకున్న దినం ఉన్న విలువ ఇప్పుడుంటాదా?"

క్లాసు గొల్లుమంది. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఇంటి పనుల్లో ఒకటి. చెవులు మాత్రం మండిపోయాయి, చాలా అవమానంగా అనిపించింది.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

బయట వరండాలో మెహరున్నీసా అనే పిల్లను ఆపి, పాఠం ఎట్లుందని అడిగాను.

"సూపర్ గా సెప్పినారు మేడమ్. అంతా అర్థమైంది."

"అయితే నీ మాటల్లో నాకు చెప్పు. తరుగుదల అంటే ఏంది?"

ఆ పిల్ల నన్ను చూసింది, నేలను చూసింది. "తరుగుదల అంటే... పెళ్లాం, మేడమ్."

నాకు కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది. ఆ పిల్ల మొదట భయపడి, తర్వాత తనూ కిసుక్కుమంది. ఇంట్లో ఏం మిషన్ ఉందని అడిగితే, అమ్మ కుట్టుమిషను ఉందంది.

"కొన్నప్పటి మాదిరే ఉందా?"

"యాడుంటాది మేడమ్! ఊరికే దారం తెంపుతాది. ఇప్పుడు అమ్మితే సగం కూడా రాదు."

"అదే తరుగుదల."

"ఇంతేనా!" అని మొహం వెలిగించుకుంది. తనే మళ్లీ అడిగింది. "మేడమ్, మిషన్ అరిగింది సరే. కుట్టి కుట్టి మా అమ్మ నడుమూ అరిగింది గదా, దాన్ని యాడ రాస్తారు?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు నా పుస్తకంలో రాసుకున్నాను. బస్సు ఆదోని చేరేలోగా ఒకటి తేల్చుకున్నాను. ఆ సంతకం పెట్టను. వీడియో తీస్తే ఈ పిల్ల పక్కపిల్లకు పాఠం చెబుతుండగా తీయాలి.

రాత్రి భోజనాలప్పుడు మా ఆయన అడిగారు. "సంతకం పెట్టినావా?"

"లేదు. పెట్టను."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. వెంటనే పాఠం మొదలైంది. "సూడు. నాకు పేరొస్తే నీకు వచ్చినట్ల కాదా? నవ్వుతా నేర్చుకుంటాండారు పిల్లోళ్లు. మొగుడేదో తమాషాకు అంటే పెళ్లామే మొహం మాడ్చుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? రేపు పోయి మర్యాదగా పెట్టేసి రా. అర్థమైందా?"

అలవాటు కొద్దీ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"కాలేదు" అన్నాను.

"ఏందీ?"

"అర్థం కాలేదండీ. ఇంకోసారి చెప్పండి. ఈసారి జోకులు లేకుండా."

అంతలో గోడకానుకుని పప్పన్నం కలుపుకుంటున్న మా అత్త తలెత్తింది.

"నాకూ కాలే రా రాఘవా" అంది తాపీగా. "మీ నాయన సెప్పేటప్పటి నుంచీ కాలే. నాకూ కలిపి సెప్పు."

నేను పొయ్యి ఆర్పేసి వచ్చి, మా అత్త పక్కన, ఆయనకు ఎదురుగా, ముందు వరసలో కూర్చున్నాను.