ముప్పై ఏళ్ళ ఏకగ్రీవం

గనిలో నాపబండ మీద పడి కూలీ మద్దిలేటి చచ్చిపోతే, కాంట్రాక్టరు పుల్లయ్య మనుషులు శవాన్ని ట్రాక్టరులో వేసుకుపోయి ఆత్మకూరు రోడ్డు మీద పడేశారు. పోలీసులు రోడ్డు ప్రమాదమని రాసుకున్నారు. గని కూలీల సంఘం నడిపే శివజ్యోతి అంతా కళ్ళారా చూసింది. సాక్ష్యం చెప్తానంటే ఆమెను స్టేషను గడప తొక్కనివ్వలేదు. ఆ రోజే ఆమె సర్పంచికి నిలబడతానంది.

గుట్టకొత్తూరులో అది మామూలు మాట కాదు. ముప్పై ఏళ్ళుగా పుల్లయ్యే సర్పంచి, అదీ ఏకగ్రీవంగా. ఊరంతా ఒక్కమాట మీద ఉందనుకునేరు. రెండో మనిషి నామినేషను అధికారి బల్ల దాకా చేరితే కదా!

చివరి రోజు ఐదింటికి గడువు. నాలుగింటికి శివజ్యోతి, ఆమె పేరు ప్రతిపాదించే పెద్ద ఈరన్న పంచాయతీ ఆఫీసుకొచ్చారు. ముసలి ఈరన్నది ఆ గనిలో నలభై ఏళ్ళ చాకిరి. పుల్లయ్య కొడుకు సుధీర్ పదిమందితో మెట్ల మీద కాపు కాసి ఉన్నాడు.

"ఏమప్పా ఈరన్నా, యాడికి పోతాండావు?"

"కాగితం ఇయ్యనీకి."

సుధీర్ ఆ కాగితం లాక్కొని చించేశాడు. ఇద్దరు ఈరన్నను పడదోసి కుడిచెయ్యి మెట్టుకు అదిమిపట్టారు. మూడోవాడు బండరాయి ఎత్తి మోదాడు. ఎముకలు విరిగిన చప్పుడు శివజ్యోతి చెవిన పడింది. అడ్డం పోయిన ఆమెను జుట్టుపట్టి గోడకేసి కొట్టారు.

"ఇంగ యా చేత్తో సంతకం పెడతావో పెట్టు పో," అన్నాడు సుధీర్.

రోడ్డవతల గనిలో కూలీలు ఇది చూశారు. ఒకడు గడ్డపారతో బండ మీద మూడు దెబ్బలు కొట్టాడు. బండ కింద మనిషి పడ్డాడని దానర్థం. అది వింటే ఎంత పనిలో ఉన్నా అందరూ ఉరికి రావాల్సిందే. ఒక గని నుంచి ఇంకో గనికి మోత పాకింది. ఒళ్ళంతా రాతిదుమ్ముతో రెండు వందల మంది వచ్చిపడ్డారు.

సుధీర్ మనుషుల వేటకొడవళ్ళు లేచాయి. కూలీల్లో ముందున్న ప్రేమయ్య భుజం తెగింది. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. గడ్డపారల ముందు పదిమంది రౌడీలు ఎంతసేపు? సుధీర్ మోకాలు పగిలి కూలబడ్డాడు. మిగతావాళ్ళు చెప్పులు వదిలేసి పరిగెత్తారు. శివజ్యోతికి వాళ్ళ మీద రవ్వంత జాలి కూడా కలగలేదు.

ముందే రాసి రవికెలో దాచుకున్న ఇంకో నామినేషను తీసి ఆమె బల్ల మీద పెట్టింది. అధికారి గడియారం చూశాడు.

"ప్రతిపాదించే మనిషి సంతకం లేదమ్మా. ఆయన చెయ్యేమో అట్లయింది."

పళ్ళు బిగబట్టుకుని ఈరన్న ఎడమచెయ్యి చాచాడు. "సంతకం నేర్చినోల్లకు కుడిచెయ్యి, సామీ. మా అట్లాంటోల్లకు ఎడమ బొటనేలే గదా. ఆ సదువుకున్న నాకొడుక్కి అది తెలీలే."

నాలుగూ యాభైకి రసీదు చేతికొచ్చింది. అంతసేపూ జాడ లేని పోలీసు జీపు అప్పుడు వచ్చి మెట్ల ముందు ఆగింది. శివజ్యోతి మీద హత్యాయత్నం కేసట. ఎస్సై ఆమెను రెక్కపట్టి జీపెక్కించాడు.

"జైల్లో ఉండేదానికి ఎవురు ఓటేస్తారే?"

ఆమె నోరు తెరవకముందే ఈరన్న జీపుకు అడ్డం వచ్చాడు. విరిగిన చేతికి చుట్టిన తువ్వాలు నెత్తురోడుతోంది.

"సర్పంచి ఓటు ఎట్లుంటాదో ముప్పై ఏండ్లుగా మేం చూసిందే లేదు, సారూ. నువ్వు పెట్టె తెచ్చి పెట్టు. ఎవురేస్తారో చూద్దువు."

రెండు వందల మందీ జీపు చుట్టూ కూర్చున్నారు. ఆ సాయంత్రం నుంచి గనుల్లో ఒక్క బండ కూడా లేవలేదు.