మూడో మందిరం

“నువ్వు అమ్మ దగ్గర కూర్చో. మేం ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం,” అంటూ మా ఆయన నీళ్ళ సీసాలు, కోట్లు, కెమెరా సంచీ నా ఒళ్ళో పడేసి, మా ఆడపడుచునూ ఆమె భర్తనూ వెంటబెట్టుకుని మందిరంలోకి వెళ్ళిపోయాడు. పొద్దుటినుంచి ఈ ఊళ్ళో ఇది మూడోది.

మొదటిదాని దగ్గర అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులన్నారు. రెండోదాని దగ్గర సామాన్లకు కాపలా అన్నారు. ఇక్కడ కారణం చెప్పే శ్రమ కూడా ఎవరూ తీసుకోలేదు. పద్దెనిమిదేళ్ళుగా బడిలో చరిత్ర చెబుతున్నాను. ఈ మందిరం గుమ్మటాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో. దాని కింద ఒక్క స్తంభమైనా లేదంటే పిల్లలు నోరెళ్ళబెట్టేవారు. ఏ రోజు ఏ ఊరో, ఏది ఎప్పుడు తెరుస్తారో వంటింట్లో కుక్కర్ కూతల మధ్య రాసిపెట్టిందీ నేనే. “నీకు కొత్తేముంది, అంతా పుస్తకాల్లో చూసిందేగా,” అన్నాడాయన పొద్దున. నవ్వాను కూడా. ఎందుకు నవ్వాను? లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

“ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా?” అంది అత్తయ్య.

“ఏం లేదత్తయ్యా.”

ఆవిడ మోకాలు రుద్దుకుంది. “మీ మామయ్యతో నేనూ బోలెడు ఊళ్ళు తిరిగాను. ఎక్కడికెళ్ళినా పిల్లల్నేసుకుని బయటే కూర్చునేదాన్ని. ఎవరైనా అడిగితే మాత్రం అన్నీ చూశాననే చెప్తా.”

నేను మందిరం మెట్లకేసి చూశాను.

అంతలో మా ఆయన వాళ్ళతో తిరిగొచ్చాడు. “అబ్బ, చూసి తీరాల్సిందే! పదండి, అరగంటలో బస్సు.”

సామానంతా ఆయన చేతుల్లో పెట్టాను. “మీరు కూర్చోండి. మేం చూసొస్తాం.”

“ఇప్పుడా? అమ్మ అన్ని మెట్లెలా ఎక్కుతుంది? బస్సు వెళ్ళిపోతే?”

“మీరు ముగ్గురూ ఎక్కేయండి. మేం రేపటి బస్సుకొస్తాం.”

“నువ్వైనా చెప్పమ్మా!”

అత్తయ్య నా భుజం పట్టుకుని లేచింది. “మెల్లిగా ఎక్కుతాలేరా.”

మెట్టుమెట్టుకీ ఆగాం. నా చేతిసంచీలో ఫోన్ రెండుసార్లు మోగింది, తియ్యలేదు. లోపల చల్లగా ఉంది. తల పైకెత్తితే, ఇన్నేళ్ళూ నేను గీసింది దీన్ని కాదనిపించింది. పక్కన అత్తయ్య మెడ వెనక్కి వాల్చి అలాగే నిలబడిపోయింది.

“ఇంత ఎత్తుంటుందని ఒక్కరూ చెప్పలేదే!” అంది, ఎవరిమీదో ఫిర్యాదులా.

తర్వాత కళ్ళు దించకుండానే అడిగింది: “పొద్దున వదిలేసిన ఆ రెండూ రేపు ఎన్నింటికి తెరుస్తారు?”

“తొమ్మిదింటికత్తయ్యా,” అన్నాను.