ఖమర్‌బీ కేసు ఫైలు

జువేరియా జమ్మలమడుగులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. చదివింది బయాలజీ అయినా, ఆ చదువు మీద ఆమెకు మనసు విరిగి చాలా రోజులైంది. తండ్రి లాల్ బాషా కువైట్‌లో పనిచేసే చోటే గుండె ఆగి పోయాడనీ, అక్కడే మట్టి చేశారనీ ఫోనొచ్చిన రోజున ఇంట్లో ఉన్నది ఆమె, తల్లి ఖమర్‌బీ, ఇద్దరే. ఇల్లంతా జనం నిండారు. అందరూ మాట్లాడారు. తను చెప్పేది వినేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. ఆ లోటుతోనే మరుసటి నెలలో దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీకి ఫీజు కట్టింది.

మొదటి ఏడాది అయ్యాక ఏదో ఒక విభాగం ఎంచుకోవాలి. కౌన్సెలింగ్, క్లినికల్, న్యూరో సైకాలజీ. కడపలో కాంటాక్టు క్లాసులు చెప్పే కళ్యాణి మేడం ఆమెను ఆపి అడిగింది.

"నీకు బయాలజీ ఉంది కదా. న్యూరో తీసుకోరాదూ? మిగతావాళ్ళకు మెదడులో భాగాల పేర్లు నోరు తిరగడానికే ఆరు నెలలు పడుతుంది."

"ఫార్మలిన్ సీసాల వాసన చాలు మేడం. నాకు మనుషులు కావాల. కౌన్సెలింగే తీసుకుంటా," అంది జువేరియా.

ఆప్షను ఫారానికి డిసెంబరు నెలాఖరు దాకా గడువుంది.

ఇంట్లో మాత్రం ఖమర్‌బీ రోజురోజుకీ వేరే మనిషవుతోంది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళకు మగ్గం పని చేసిచ్చే మనిషి ఆమె. పెళ్ళి జాకెట్టు మీద పూసలు కుట్టడం మొదలుపెడితే తల ఎత్తేది కాదు. భర్త పోయిన మూడు నాలుగు నెలలకు సూది పక్కన పెట్టేసింది. పగలంతా పడుకునేది. పిలిస్తే కాసేపటికి గానీ పలికేది కాదు. మే నెలలో, ప్రొద్దుటూరు ఎండలో, దుప్పటి కప్పుకుని కూర్చునేది. ముఖం ఉబ్బింది. గొంతు మగగొంతులా బొంగురుపోయింది. "మొగుడు పోయినంక కండ పట్టింది సూడు," అని వీధిలో ఒకామె అంటే జువేరియా ఆమెతో మాట్లాడటం మానేసింది.

అది దుఃఖమేనని జువేరియా గట్టిగా నమ్మింది. కొత్తగా చదివిన పుస్తకాల్లో దుఃఖానికి దశలున్నాయి, పేర్లున్నాయి. రోజూ సాయంత్రం తల్లి పక్కన కూర్చుని మెల్లగా ప్రశ్నలడిగేది, జవాబుల కోసం ఓపిగ్గా కాచుకునేది. ప్రాక్టికల్స్‌కి కేసు స్టడీ రాయమంటే తల్లి గురించే రాసింది. పేరు బదులు కె.బి. అని పెట్టింది. 'గొంతు బొంగురుగా ఉంది, ఎక్కువగా ఏడవడం వల్ల' అని రాసింది. 'చలి అంటుంది, ఒంటరితనానికి గుర్తు' అని రాసింది. వందకు ఎనభై రెండు మార్కులు వచ్చాయి.

నవంబరులో ఖమర్‌బీ గోడతో మాట్లాడసాగింది. ఎవరితో అని అడిగితే, "మీ అబ్బాతో," అంది. చనిపోయిన తండ్రితోనని వినగానే జువేరియా భయపడి ప్రొద్దుటూరులోనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయింది. ఆయన ఖమర్‌బీ ముఖంలోకి కాసేపు చూసి, రక్త పరీక్షలేమైనా చేయించారా అని అడిగాడు.

"అవసరం లేదు సార్. మా అబ్బా పోయినప్పటి నుంచి ఇట్లుండాది. నేను సైకాలజీనే చదువుతాండా. ఫైలు గూడా రాసినా," అని ఆమె ఫైలు తీసి చూపింది.

ఆయన ఫైలు తిరగేసి, పరీక్షలు తర్వాతైనా చేయించమని చెప్పి, నిద్రకూ భ్రమలకూ మాత్రలు రాశాడు. జువేరియా మాత్రలు కొన్నది. పరీక్షలు చేయించలేదు. గాలి మార్పు ఉంటే మంచిదని డిసెంబరు మధ్యలో తల్లిని పులివెందులలో మేనమామ జమాల్ ఇంట్లో దించి వచ్చింది.

పది రోజుల తర్వాత, డిసెంబరు చివరి వారంలో ఒక ఉదయం, రెండో సంవత్సరం పిల్లలకు హార్మోన్ల పాఠం చెబుతోంది. బోర్డు మీద అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, బొమ్మ వేసింది. సీతాకోకచిలుకలా రెండు రెక్కలు గీసి, కింద నోట్సు చెప్పడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళుగా చూడకుండా చెప్పే వాక్యాలే అవి.

"థైరాక్సిన్ తగ్గితే పెద్దవాళ్ళలో ముఖం ఉబ్బుతుంది. చర్మం పొడిబారుతుంది. గొంతు బొంగురుపోతుంది. చలికి తట్టుకోలేరు. మాట, నడక, ఆలోచన మందగిస్తాయి."

పెన్నులు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాతి వాక్యం ఆమె నోటికి రాలేదు.

"మందగిస్తాయి... తర్వాత ఏంది మేడం?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

జువేరియా సుద్దముక్క బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చి పులివెందులకు ఫోను చేసింది. జమాల్ భార్య హఫీజా ఎత్తింది.

"అమ్మీ ఏం చేస్తాంది?"

"పండుకోనుండాదిమ్మా. నిన్న మద్దేన్నం పండుకునింది, ఇంగా లేయలేదు. మాత్రల మత్తేమోలే అనుకున్యాం."

"ఒళ్ళు పట్టుకోని చూడు అత్తా."

హఫీజా లోపలికి నడిచిన చప్పుడు ఫోనులో వినబడింది. తర్వాత హఫీజా గొంతు మారింది. "సల్లగుండాది. శానా సల్లగుండాది. ఊపిరి మాత్రం ఆడతాంది."

జమాల్ ఫోను తీసుకున్నాడు. జువేరియా తల్లిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. మాత్రలు వేయొద్దని, థైరాయిడ్ అని డాక్టర్లకు చెప్పమని అంది.

"మసీదు హజ్రత్‌కు చెప్పినాం, మద్దేన్నం వస్తాడు. దువా చదివించినంక పోదాంలే," అన్నాడు జమాల్.

"మద్దేన్నానికి అమ్మీ ఉండదు మామూ."

"ఏంది నువ్వనేది? అది బాధ జబ్బని నువ్వే గదా చెప్పింది. డాక్టరుకు గూడా నువ్వే చెప్తివి. ఇప్పుడేమో గొంతు జబ్బంటాండావు. ఏ మాట నమ్మాల మేము?"

"అప్పుడు చెప్పింది తప్పు. నేనే తప్పు చెప్పినా. నీ కాళ్ళు పట్టుకుంటా, జప్పున ఆటో మాట్లాడు."

జమాల్ ఫోను పెట్టేశాడు. తీసుకుపోతాడో లేదో తెలియకుండానే ఆమె బస్సెక్కింది. ముద్దనూరులో బస్సు ఆగి, జనం ఎక్కి, దిగి, కండక్టరు టీ తాగి వచ్చేదాకా కదల్లేదు. ఫోను చేస్తే మామ ఎత్తలేదు. హఫీజా ఎత్తలేదు. పక్కనున్న ముసలామె, "ఎవురికమ్మా బాగలేదు?" అని అడిగింది. తను గట్టిగా ఏడుస్తున్నానని జువేరియాకు అప్పుడు తెలిసింది. తల్లి జబ్బు దాగి ఏమీ లేదు. ముఖం మీదే ఉంది, గొంతులోనే ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని చూసింది, అక్షరం తప్పకుండా రాసింది కూడా. రాసి, ప్రతిదానికీ పక్కన వేరే కారణం పెట్టింది.

జమాల్ తీసుకుపోయాడు. పులివెందుల పెద్దాసుపత్రిలో ఖమర్‌బీని దుప్పట్లలో చుట్టి ఉంచారు. ముక్కులో గొట్టం వేశారు. ఒంటి వేడి తొంభై రెండు డిగ్రీలకు పడిపోయింది. డాక్టరమ్మ జువేరియాను బయటకు పిలిచింది.

"థైరాయిడ్ దాదాపు పని చేయడం లేదు. దాని మీద నిద్రమాత్రలు. మందు మొదలుపెట్టాం. లేస్తారో లేదో ఇప్పుడే చెప్పలేను. గొంతు ఇలా మారి ఎన్నాళ్ళైంది?"

"ఎనిమిది నెలలు."

"ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"నేను గమనించినా," అంది జువేరియా.

రెండు రోజులైనా ఖమర్‌బీ కళ్ళు తెరవలేదు. హఫీజా తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చుంది. జమాల్ జువేరియాతో మాట్లాడటం లేదు. మూడో రోజు కళ్యాణి మేడం ఫోను చేసింది. ఆప్షను ఫారానికి అదే చివరి రోజు, జువేరియాది ఒక్కటే రాలేదు.

"నా పేరు కొట్టేయండి మేడం. ఈ చదువు నేను చదవకూడదు," అని జువేరియా జరిగిందంతా చెప్పింది.



"ఆ ఫైలు దిద్దింది నేనే," అంది కళ్యాణి. "ఉబ్బిన ముఖం, చలి, గొంతు, అన్నీ చదివాను. బాగా గమనించిందని మెచ్చుకుని మార్కులేశాను. నాకు బయాలజీ రాదు జువేరియా. డిగ్రీలో నాది చరిత్ర. అందుకే నాకు కనబడలేదు. నీకు వచ్చు. వచ్చి కూడా పక్కన పెట్టావు. నిన్ను ఓదార్చడానికి నా దగ్గర మాట లేదు. మానేస్తావో, ఏం రాస్తావో నీ ఇష్టం. సాయంత్రం ఐదు దాకా చూస్తాను."

జువేరియా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. మానేస్తే తల్లి లేవదు. చదివినా లేవదు. ఏది చేసినా లోపల మంచం మీదున్న మనిషికి ఏమీ ఒరగదు. నాలుగున్నరకు ఫోను తీసి న్యూరో సైకాలజీ అన్నచోట గుర్తు పెట్టి పంపింది. ఏదో తెలిసొచ్చి పెట్టలేదు. శిక్ష వేసుకున్నట్టుగా పెట్టింది.

ఐదో రోజు ఉదయం ఖమర్‌బీ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

కోలుకోవడానికి నెలలు పట్టింది. ముఖంలో ఉబ్బు తగ్గింది. గొంతు మెల్లగా పాత గొంతయింది. సూదిలో దారం ఎక్కించగలిగింది గానీ, మునుపటిలా పూసల వరస కుదిరేది కాదు. కుట్టింది విప్పి మళ్ళీ కుట్టేది. జమాల్ రంజాన్‌కు వచ్చి జువేరియాతో రెండు మాటలు మాట్లాడాడు. ఆమె న్యూరో పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. పేర్లన్నీ సులభంగానే వచ్చేవి. సులభంగా వస్తున్నందుకే కొన్నిసార్లు పుస్తకం మూసేసేది.

ఏప్రిల్‌లో ఒక రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి ఖమర్‌బీ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడుస్తోంది. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"ఈ కొత్త మాత్రలు మింగినప్పటి నుంచి మీ అబ్బా మాట వినబడతాలేదు," అంది. "ఆ పొద్దు చచ్చిపోయినాడంటే ఏందో మొద్దు మాదిరి విన్యా. ఇప్పుడు తెలుస్తాంది. ఎందుకు బాగు చేస్తివే నన్ను?"

కౌన్సెలింగ్ పుస్తకాల్లోని ప్రశ్న ఒకటి జువేరియా నోటిదాకా వచ్చింది, మింగేసింది. తల్లి పక్కన నేల మీద కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడితే లేచి కట్టేసి మళ్ళీ వచ్చి కూర్చుంది. చీకటి పడేవేళకు ఖమర్‌బీ ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఆయన్ను యాడ పెట్టినారు? నాకెవురూ చూపీలేదే."

కువైట్‌లో తండ్రితో ఒకే గదిలో ఉండిన షాకీర్ నంబరు జువేరియా దగ్గర ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక అతను ఆయన్ను మట్టి చేసిన కబరస్తాన్‌కు పోయి వీడియో కాల్ చేశాడు. ఇసుక నేల. వరసలుగా చిన్న చిన్న రాళ్ళు, వాటి మీద అంకెలు. చాలా దూరం నడిచి ఒక రాయి దగ్గర ఆగి ఫోను కిందికి వంచాడు.

"ఇదే వదినా," అన్నాడు. ఎండకు అతని ముఖం కందిపోయి ఉంది.

ఖమర్‌బీ ఫోను రెండు చేతులతో పట్టుకుని చూసింది. పెదవులు కదిలాయి, ఫాతిహా చదివింది.  షాకీర్ చెయ్యి కదలకుండా ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"సాలప్పా, చూసినా," అంది ఖమర్‌బీ. "ఎండ శానా ఉన్నట్టుండాది ఆడ. నువ్వు నీడకు పో."