జారుముడి

కనకం చెడ్డీ బొందుకి సన్యాసమ్మ రెండు ముళ్లు వేసి, మూడోది కూడా వేసి బిగించింది.

"నొక్కేస్తంది మామ్మా."

"ఉండనీ. జారిపోద్ది."

మంగాయమ్మ మూడునెలల తన కూతురు కనకాన్ని పనిమనిషి సన్యాసమ్మ చేతుల్లో పెట్టి వడ్డాదిలో టీచరు పనికి వెళ్లడం మొదలెట్టి అయిదేళ్లయింది. మొన్న ఆదివారం కనకం తనే అన్నం కలుపుకు తింటుంటే చూసి, "బట్టలు కూడా తనే వేసుకుంటే ఇంక సన్యాసమ్మతో పనేటి?" అని నవ్వింది. ఆ నవ్వు సన్యాసమ్మకి నిద్ర పట్టనివ్వలేదు. పిల్ల బొత్తాలు పెట్టుకోబోతే చెయ్యి తోసేసింది. దువ్వెన అందకుండా పైన పెట్టింది. మూడో ముడి నిన్న మొదలైంది.

గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. బడికి వెళ్తూ రోడ్డు దగ్గరకి రాగానే కనకం చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు రాకు. పిల్లలు నవ్వుతన్నారు."

సన్యాసమ్మ నోరు తెరిచేలోగా పిల్ల బళ్ల సందులోకి దూరింది. ఎదురుగా లారీ వస్తోంది. పిల్ల ఆగింది. లారీ వెళ్లాక అటూ ఇటూ చూసి దాటేసింది. వెనక్కి తిరగలేదు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బడికి వెళ్లేసరికి, వెనక గోడ దగ్గర పిల్లలు మూగి నవ్వుతున్నారు. మధ్యలో కనకం నిలబడి ఉంది. గౌను తడిసిపోయింది. గోటి దగ్గర రక్తం ఊరింది. ఏడవడం లేదు.

"లాగేను మామ్మా. ఊడలేదు."

సన్యాసమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. నీళ్ల పనితో మొద్దుబారిన ఆవిడ వేళ్లకీ ఆ తడి ముడి లొంగలేదు. చివరికి పళ్లతో కొరికి విప్పింది.

ఇంటికి తెచ్చి, పిల్లకి స్నానం చేయించి, వేలికి పసుపు అద్దింది. పొడి బొందు చేతికిచ్చింది.

"ఇలా మడత పెట్టు. ఈ కొస అందులోంచి తియ్యి. ఇప్పుడు లాగు."

నాలుగుసార్లు కుదరలేదు. అయిదోసారి ఒక్క లాగుకే ఊడి వచ్చింది. కనకం మళ్లీ కట్టింది, మళ్లీ లాగింది.

సాయంత్రం మంగాయమ్మ బస్సు దిగి వచ్చి చెప్పులు విప్పకముందే సన్యాసమ్మ చెప్పేసింది.

"పాప బొందు నానే బిగించేనమ్మా. కావాలనే. బళ్లో గౌను తడిపేసుకుంది."

మంగాయమ్మ పిల్ల వేలికున్న పసుపు చూసింది. "ఎందుకలా చేసేవు?" అంది.

"దానికి అన్నీ వచ్చేస్తన్నాయి కదమ్మా."

ఎవరూ పొమ్మనలేదు. సన్యాసమ్మ రెండు చీరలు మూట కట్టుకుంది. చీడికాడలో తమ్ముడున్నాడు, చెరకు కోతలకి మనుషులు కావాలంటున్నారు. ఆవిడ గుమ్మం దిగేటప్పుడు కనకం అరుగు మీద కూర్చుని గౌను బొత్తాలు పెట్టుకుంటోంది. ఒక బొత్తాం తప్పింది. సన్యాసమ్మ చెయ్యి ముందుకి వచ్చి, ఆగింది. పిల్ల తనే చూసుకుని సరిచేసుకుంది.

మర్నాడు పొద్దున్న పెరటి గూట్లో, ఎప్పటిలాగే మిగతా సామాన్లకి ఎడంగా, సన్యాసమ్మ కాఫీ తాగే సొట్టల అల్యూమినియం గ్లాసు ఆవిడ తోమి బోర్లించినట్టే ఉంది.