గోడ మీది మోనా ఈస్ట్

కోవిల్పట్టిలో చెల్లయ్య ఇంటి ముందుగది గోడకు పదకొండు మేకులుండేవి. పదింటికి అమెరికా పాటగాళ్ళు వేలాడుతుండేవారు. పదకొండోదానికి చెల్లయ్య, మునీశ్వరిల పెళ్ళి ఫోటో ఉండేది. 1997 వేసవిలో మాంచెస్టర్ నుంచి శాక్సఫోన్ పట్టుకున్న బట్టతలాయన ఫోటో ఒకటి వచ్చింది. చెల్లయ్య పెళ్ళి ఫోటో దించి బియ్యం డబ్బా వెనక పెట్టి, బట్టతలాయన్ని అక్కడ తగిలించాడు.

సాయంత్రం మునీశ్వరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చి చూసింది.

"మామా, మనం ఏడకి పోయినాం?"

"ఈడనే ఉండాం గదా."

"గోడ మీద అడగతా ఉండా."

"మన మొగాలు దినమూ చూసుకుంటానే ఉండాం గదే! ఈయన మొగం మళ్ళా దొరకతాదా?"

మునీశ్వరి కొంగు దులుపుకుని పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె గట్టిగా అరిచిన రోజున ఎవరికీ ఏమీ కాదు. ఊరుకున్న రోజునే భయపడాలి. పద్నాలుగేళ్ళు కాపురం చేసినా చెల్లయ్యకు ఆ సంగతి తెలియలేదు.

అతను అగ్గిపెట్టెల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మెషిన్ మీద పనిచేసేవాడు. ఆ లేబుళ్ళను పోగుచేసే పిచ్చివాళ్ళు దేశదేశాల్లో ఉంటారు. మాంచెస్టర్‌లో ఒక ముసలాయన పులి బొమ్మ లేబుళ్ళూ, నెమలి బొమ్మ లేబుళ్ళూ కావాలని ప్రెస్సుకు ఉత్తరం రాస్తే, చెల్లయ్య ఓ కట్ట పంపాడు. బదులుగా ఆయన దగ్గర్నుంచి ఒక క్యాసెట్టూ, ఆ పాటలు పాడినామె ఫోటో ఒకటీ వచ్చాయి. అమెరికా నల్లవాళ్ళ పాటలు; సోల్ అట, రిథమ్ అండ్ బ్లూస్ అట. చెల్లయ్యకు మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ గొంతు విని అన్నం తినకుండా కూర్చున్నాడు. అప్పటినుంచి లేబుళ్ళు పోవడం, ఫోటోలు రావడం. గోడ మీద పదకొండు, ట్రంకుపెట్టెలో యాభై పైచిలుకు. ప్రెస్సులో రంగు చుక్కలు చూసే చిన్న భూతద్దం ఇంటికి తెచ్చి, ఒక్కో ఫోటోను పేను చూసినట్టు చూసేవాడు. "చుక్కలుంటే అచ్చు బొమ్మ, లేకుంటే అసలు పోటో. నన్నెవరూ ఏమార్చలేరు" అనేవాడు.

ఆ మాట మునీశ్వరికి బాగా నచ్చింది.

ఫ్యాక్టరీ కార్డుకు ఫోటో కావాలని ఆమె కాళియప్పన్ స్టూడియోకు పోయింది. కాళియప్పన్‌ది ఆమె పుట్టిన ఒట్టపిడారమే, ఒకే బడిలో ఎనిమిది దాకా చదివారు. కార్డు ఫోటో అయ్యాక ఆమె స్టూలు మీంచి లేవలేదు.

"కాళియప్పా, నన్ను అమెరికాదాని మాదిరి తీయగలవా?"

విషయం విన్నాక కాళియప్పన్ షట్టరు సగం దించేశాడు. తలమీద కుండ పెట్టుకుని కరకాటం ఆడేవాళ్ళకు బట్టలు అద్దెకిచ్చే చోటునుంచి మెరుపుల గౌను వచ్చింది. పక్కనున్న సౌండ్‌సెట్టు షాపునుంచి మైకు వచ్చింది. శీకాయతో రుద్దుకుని ఆరబెట్టిన జుట్టును మునీశ్వరి కింద నుంచి పైకి దువ్వుతూ పోతే అది గంపంత అయింది. ముక్కుపుడక తీసి చేతిలో పట్టుకుంది. కాళియప్పన్ ఒక్క దీపం మాత్రం పక్కనుంచి వేశాడు.

"కండ్లు మూసుకో. నోరు తెరిచి పాడు."

"నాకేం పాట వస్తాది?"

"ఏదో ఒకటి. లోపల ఉండేదంతా బయటికి రావాల."

మునీశ్వరి కళ్ళు మూసుకుంది. బియ్యం డబ్బా గుర్తొచ్చింది. లోపల ఉన్నదంతా బయటికొచ్చింది. మొగుణ్ణి పేరుపెట్టి మరీ తిట్టిన ఆ తిట్లకు సౌండ్‌సెట్టు షాపువాళ్ళు పరుగున వచ్చి షట్టరు కింద నుంచి తొంగి చూశారు. అదే క్షణంలో కాళియప్పన్ బటన్ నొక్కాడు.

నలుపు తెలుపు ప్రింటు, చెల్లయ్య దగ్గరున్నవాటి సైజే. టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే ముప్పై ఏళ్ళ పాతదయింది. వెనక కాళియప్పన్ ఇంగ్లీషులో 'మోనా ఈస్ట్, 1966' అని వంకరగా రాశాడు. మునీశ్వరిలోంచి మునినీ, ఈశ్వరినీ పీకి అతికించిన పేరది.

మరుసటి నెల మునీశ్వరికి ఫ్యాక్టరీ సెలవైన రోజున, చెల్లయ్య పనిలో ఉండగా, మాంచెస్టర్ కవరు ఇంటికొచ్చింది. మునీశ్వరి ఇడ్లీ కుండ ఆవిరి మీద దాన్ని పట్టి విప్పింది, నాలుగు ఫోటోలకు ఐదోది కలిపింది, మైదా పేస్టు రాసి మూసింది. రోజూ వేల లేబుళ్ళు అంటించే చేతికి అదొక పనా!

చెల్లయ్య కవరు విప్పి ఐదో ఫోటో దగ్గర ఆగిపోయాడు. భూతద్దం తెచ్చి పది నిమిషాలు చూశాడు.

"చుక్క లేదే! అసలు పోటో!"

"ఎవరు మామా అది?"

"మోనా ఈస్ట్. ఎవరికీ తెలియని మనిషి. చూడు, ఎంత బాధ పడిందో పావం! చిన్నప్పుడే అమ్మానాయినా పోయుంటారు."

"అయ్యో," అంది మునీశ్వరి, పంటికింద కొంగు నొక్కుకుని. "మొగుడుండాడా?"

"ఉండే ఉంటాడు. ఆ వెదవే ఏడిపించి ఉంటాడు. మొగం చూస్తే తెలియలా?"

ఆ రాత్రి భోజనంలో ఆమెకు పొలమారి నీళ్ళు రెండుసార్లు తాగాల్సి వచ్చింది. చెల్లయ్య బట్టతలాయన్ని దించి మోనా ఈస్ట్‌ను తగిలించాడు. పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆమె ముందు నిలబడేవాడు. "ఆ మెడ చూడు మునీ, మన జిల్లాలో ఉండాదా అట్లాంటి మెడ?" అనేవాడు. మునీశ్వరి మెడ తడుముకుని, "ఏడుంటాది మామా" అనేది. మొదటి వారం నవ్వు ఆపుకోలేక చచ్చింది. రెండో వారానికి, ఎవరూ చూడనప్పుడు తనూ ఆ ఫోటో ముందు నిలబడడం మొదలుపెట్టింది.

చెల్లయ్య ఊరుకోక విరుదునగర్‌కు కార్డు రాశాడు. అక్కడ దామోదరసామి అని రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరయిన ఆయన ఉండేవాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఇద్దరూ ఫోటోలు మార్చుకునేవారు, మార్చుకున్నాక ఎదుటివాడే లాభపడ్డాడని బాధపడేవారు. కార్డు అందిన ఆదివారమే ఆయన బస్సెక్కి వచ్చాడు. సంచిలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు సంతకాలు పెట్టిన ఫోటో ఉంది. దానికోసం చెల్లయ్య ఆరేళ్ళుగా అడుగుతున్నాడు.

"ఇది తీసుకో, అది ఇచ్చేయి" అన్నాడు గోడ చూపిస్తూ.

"ముగ్గురు కాదన్నాచ్చీ, ముప్పై మందిని ఇచ్చినా ఈమెని ఇయ్యను."

అప్పుడే మునీశ్వరి కాఫీ తెచ్చింది. దామోదరసామి గ్లాసు అందుకుంటూ ఆమెను చూశాడు. గోడను చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. మునీశ్వరి కళ్ళతోనే బతిమాలింది. ఆయన మీసం ఒక్కసారి కదిలింది.

"చెల్లయ్యా, ఈమె ఏ ఊరిదో తెలుసునా?"

"అలబామా పక్క ఉంటాదేమో."

"కాదు తంబీ. ఒట్టపిడారం పక్క."

"ఏందన్నాచ్చీ ఎగతాళి?"

"నాకీ పోటో వద్దప్పా. నేను ఎత్తుకుపోతే నీకు బువ్వ వండేవాళ్ళుండరు."

చెల్లయ్య లేచి, భూతద్దం తీసుకుని, ఫోటో దగ్గరికి పోయి గడ్డం కింది పుట్టుమచ్చ చూశాడు. వెనక్కి వచ్చి భార్య గడ్డం పైకెత్తి దాన్నీ భూతద్దంతోనే చూశాడు. మునీశ్వరికి ఇక ఆగలేదు. పమిట నోట్లో కుక్కుకున్నా నవ్వు ముక్కులోంచి వచ్చింది.

"నువ్వా!" అని చెల్లయ్య చాప మీద కూలబడ్డాడు. మోనా ఈస్ట్ గురించి మాంచెస్టర్‌కు కూడా రాసేశానని గొణిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోపమొస్తుందేమోనని మునీశ్వరి చూసింది గానీ, అతని చూపు మళ్ళీ గోడ మీదికే పోయింది.

"అంత బాధ నీకేముండాదే?"

"బాధ కాదు మామా. కోపం. నన్ను ఎత్తి బియ్యం డబ్బా ఎనకాల పెట్టినావు గదా! పోటో తీసేటప్పుడు నిన్నే తిట్టినా."

అతను లేచి డబ్బా జరిపి, పెళ్ళి ఫోటో తీసి పంచెతో తుడిచాడు. పదో మేకు మీద ఉన్నామెను దించి దాన్ని తగిలించాడు. మోనా ఈస్ట్‌ను మాత్రం కదల్చలేదు.

"సరి," అన్నాడు చెల్లయ్య మళ్ళీ చాప మీద కూర్చుంటూ. "ఏమని తిట్టినావు?"

"అన్నాచ్చి ఎదురుగానా?"

"చెప్పమ్మా," అన్నాడు దామోదరసామి.

మునీశ్వరి ఖాళీ గ్లాసులు పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, పెళ్ళయిన మొదటి ఏడాదినుంచి మొదలుపెట్టింది. నాలుగు గంటల బస్సుకు పోవాలని లేచిన దామోదరసామి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె మూడో ఏడాదికి వచ్చేసరికి ఐదు గంటల బస్సు కూడా పోయింది.