ముందు నిచ్చెన

కువైట్‌లో దుమ్ముకు సెలవు లేదు. శుక్రవారం లేదు, పండగ లేదు, తలుపులు ఎంత బిగించినా సందుల్లోంచి దూరి, తెల్లారేసరికి షువైఖ్‌లోని ఆ బోట్ల షోరూములో ప్రతి బోటు మీదా పలచగా పరుచుకుని ఉండేది. దాన్ని తుడవడానికే మునీంద్రను రాయచోటి నుంచి అంత దూరం పిలిపించారు. మిర్కాబ్‌లో ఎనిమిది మంది సర్దుకునే గదిలో లేచి, కంపెనీ వ్యానెక్కి, ఆరింటికల్లా షట్టరు ఎత్తేవాడు. లైట్లు మాత్రం ఎనిమిదింటికి మేనేజరు వచ్చాకే వెయ్యాలని రూలు. కరెంటు కాలితే ఎవడి సొమ్ము పోయిందో ఏమో! ఆ మసక వెలుతురులోనే ఒక్కో బోటు ఎక్కి, వెనక మోటారు దగ్గర మొదలుపెట్టి ముందు కొనదాకా తుడుచుకుంటూ పోయేవాడు. మోటారు దగ్గర నూనె మరకలుంటాయి, చచ్చే చాకిరీ. కష్టమైంది ముందు కానిచ్చేసి సులువైంది చివరికి పెట్టుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా ముందు నుంచి వెనక్కి తుడిచింది లేదు.

కొనేవాళ్ళు ఏ రోజు తేల్చుకుంటారో, ఆ రోజు తెల్లవారుజామున బోటు మీద తడి అడుగులు పడేవి. కొన్నాక రేపు అందులో తిరగబోయే మనుషుల అడుగులు. షోరూములో అందరికీ ఇది ఏసీ నీళ్ళు కారడమంత మామూలు సంగతి. అమ్మకం కాగితంలో ‘అడుగులు చూసుకున్నాము’ అని ఒక గడి కూడా ఉండేది, దాని పక్కన సంతకం. కొనేవాళ్ళు పొద్దున్నే ఫోను చేసి, వచ్చాయా అని అడిగి, వచ్చాయంటే పిల్లాజెల్లాతో దిగేవారు. మేనేజరు హుస్సేన్ వలి కడప మనిషి. టేపు పట్టుకుని పాదాలు కొలిచి చూపించేవాడు. అడుగులు వచ్చిన బోటును కొనేవాళ్ళు చూసేదాకా ముట్టుకోకూడదు, అంతే. అడుగుల గురించి మునీంద్రకు తెలిసిందీ అంతే.

అతని భార్య శివపార్వతి బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. పదకొండేళ్ళుగా అదే ఇల్లు. బాబా అని పిలిచే యజమాని, మామా అని పిలిచే అతని భార్య, ఒక ముసలామె, మామా చెల్లెలు, అయిదుగురు పిల్లలు. ఆఖరిది నూరా, నాలుగేళ్ళొచ్చినా పార్వతి చంక దిగేది కాదు. ఆ ఇల్లు మంచిదేమీ కాదు గానీ, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు బయటికి వదిలేవారు. ఆ రెండు గంటలే మొగుడూ పెళ్ళాల కాపురం. మిర్కాబ్‌లో మెట్ల మీద కూర్చుని, ఆమె కొంగులో దాచి తెచ్చిన అన్నం తిని, ఊరి మాటలు చెప్పుకునేవాళ్ళు.

రెండు వేల ఎనిమిదిలో ఒక శుక్రవారం ఆమె వస్తూనే అంది.

“ఏమయ్యా, మావాళ్ళు బోటు కొంటాండారు. మీ షాపులోనే. రెండిట్లో ఏది తీసుకోవాలో తెలీక మూడు వారాలుగా ఇంట్లో ఒకటే రచ్చ. ఏం తేడా వాటికి?”

“ఏమీ లేదు మే. రెండూ ఇరవై రెండడుగులే. మోటారు ఒకటే, సీట్లు ఒకటే. పచ్చ చార దానికి నీడ గుడ్డ పెద్దది. నీలం చార దానికి వెనకే గాక ముందర కూడా ఒక నిచ్చెన. ఇట్లాంటివి ఈ ఏడే వచ్చినాయి.”

“ముందర నిచ్చెన దేనికి?”

“నాకేం తెలుసు? నేను తుడిచేవాన్నే గానీ ఎక్కి తిరిగేవాన్నా?”

ఆమె నవ్వింది. “నీలం దాన్నే కొంటే బాగుండు. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తానే ఉండా, పదకొండేండ్లుగా. రెండు వీధుల అవతల సముద్రం పెట్టుకోని ఒక్కనాడు కాలు తడపలా. నిచ్చెన ఉంటే దిగి రొవ్వంత సేపు నిలబడొచ్చు.”

“నీకు ఈత వచ్చునా పాడా! మూసుకోని కూర్చో.”

“నిలబడేదానికి ఈతెందుకయ్యా?” అని ఆమె అతని వీపు మీద ఒకటి చరిచింది.

తరువాతి బుధవారం పొద్దున మునీంద్ర నిద్ర తీరని కళ్ళతో నీలం చార బోటెక్కాడు. మోటారు దగ్గర మొదలుపెట్టి సగం బోటు తుడిచాక గానీ తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే ముందు సగమంతా తడి అడుగులు. అయ్యో, అడుగులు పడిన బోటు ముట్టుకున్నానే, వలన్న చంపేస్తాడే అనుకుంటూ వంగి చూశాడు. సీట్ల దగ్గర పెద్ద పాదాలు, పిల్లల పాదాలు. ఒక జత మాత్రం సీట్ల దగ్గర ఆగకుండా నేరుగా ముందు నిచ్చెన వైపు పోతోంది. పగిలిన మడమలు. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు. చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి ఉంటే అచ్చు అట్లాగే పడుతుంది. ఆ కాలికి మట్టెలు తొడిగింది అతనే.

ఆ అడుగులు మామూలు కంటే బరువుగా, వెడల్పుగా పడి ఉన్నాయి. అంచుదాకా పోయాయి. తిరిగి రాలేదు.

ఎంత వెదికినా వెనక్కి వచ్చే అడుగు ఒక్కటీ లేదు. పచ్చ చార బోటు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడా అడుగులున్నాయి, తొమ్మిది మందివి, ఒకదాని మీద ఒకటి. పార్వతివి లేవు. నీలం దాంట్లో నా పెళ్ళాం దిగి మునిగిపోతుంది, పచ్చ దాంట్లో అసలు ఎక్కదు, ఇంటి పట్టునే క్షేమంగా ఉంటుంది. అట్లా అర్థం చేసుకున్నాడు. వలన్నకు చెబుదామా అనుకున్నాడు. చెబితే? పనిమనిషి మునుగుతుందని బోటు మానుకునే పుణ్యాత్ములు ఎక్కడున్నారు? బకెట్టులో గుడ్డ ముంచి, మోకాళ్ళ మీద కూర్చుని, మిగతా సగం కూడా తుడిచేశాడు. పార్వతి పాదాలు తుడిచేటప్పుడు ఏడ్చాడు. దేవుడా, సరైన వేళకు చూపించావని దండం కూడా పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు కుటుంబమంతా దిగింది. పార్వతిని తీసుకురాలేదు, ఇస్త్రీ ఉందట.

“నీలం దాంట్లో ఏమీ రాలేదా?” వలి అడిగాడు.

“రాలేదు వలన్నా.”

“మరి తడిగా ఉందేంది?”

“తుడిస్తి గదన్నా, దానికే.”

వలి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి వదిలేశాడు. పచ్చ చార బోటులో పిల్లలు కేకలు పెడుతూ తమ అడుగుల్లో తాము నిలబడ్డారు. ముసలామెను కుర్చీతో సహా ఎక్కించి కాలు ఆనించారు, సరిపోయింది. మామా వేలు పెట్టి లెక్కబెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కబెట్టింది.

“మా పనిమనిషి అడుగులేవి?” అని అరబ్బీలో అడిగింది.

వలి టేపు చుట్టుకుంటూ లేవన్నట్టు తల ఊపాడు.

“అయితే బోటు నీళ్ళలోకి దిగేనాటికి ఆమె మనతో ఉండదన్నమాట,” అని మామా మొగుడివైపు తిరిగింది. “ఆమె ఇఖామా గడువు వచ్చే నెలలోనే అయిపోతోంది. ఉండని మనిషికి ఆ అనుమతి ఫీజు మళ్ళీ ఎందుకు కట్టడం? కబ్ద్‌లో మా అన్న తన తోటకు మనిషి కావాలని అడుగుతున్నాడు కదా.”

“ఖలాస్, ఇక తేలిపోయింది,” అని బాబా సంతకం పెట్టాడు. ఆ గడిలో కూడా పెట్టాడు.

గుడ్డ చేతిలో పట్టుకుని మునీంద్ర రెండడుగుల దూరంలో నిలబడి అంతా విన్నాడు. నోరు తెరిస్తే తుడిచింది బయటపడుతుంది, ఆమె మునిగే బోటు మళ్ళీ ముందుకొస్తుంది. పోనీ, కబ్ద్‌లో సముద్రం లేదు గదా, ప్రాణమైనా మిగులుతుంది అని సర్దిచెప్పుకున్నాడు. పది రోజుల్లో కఫీల్‌ను, అంటే వీసాకు పూచీ ఉండే యజమానిని, మార్చి పార్వతిని ఎడారిలోని ఆ తోటకు పంపేశారు. గొర్రెలు, ఒంటెలు, గంజు గిన్నెలు. అక్కడ శుక్రవారం లేదు. ఆమె ఫోను కొత్త కఫీల్ తీసిపెట్టుకున్నాడు. పోయేటప్పుడు నూరా ఆమె మెడ పట్టుకుని వదలకపోతే ముగ్గురు కలిసి లాగారట.

నాలుగు నెలలు గడిచాయి. నీలం చార బోటుకు వేరే బేరం వచ్చింది. ఈసారి మునీంద్ర ముందే సెల్లు లైటు వేసుకుని ఎక్కాడు. బోటు నిండా అడుగులు. సీట్ల దగ్గర నుంచి ముందు నిచ్చెన వైపు పోయి, అంచు దగ్గర ఆగిపోయిన జతలు అయిదారు ఉన్నాయి. పాపం, వీళ్ళందరూ పోతారా అని అతని ప్రాణం కొట్టుకుంది. లైటు వెనక్కి తిప్పాడు. మోటారు పక్కన, వెనక నిచ్చెన మీదుగా, అవే పాదాలు ఇసకతో పైకెక్కి వస్తున్నాయి.

వలి వచ్చేదాకా అక్కడే కూర్చుండిపోయాడు.

“వలన్నా, ఈ అడుగులు ముందర దిగి వెనకమాల ఎక్కతాండాయేంది?”

“అదేందిరా, ఇన్నాళ్ళుగా తుడుస్తాండావు, తెలీదా? ముందర తక్కువ లోతులో ఇసకలోకి దిగతారు. ఆడుకోనొచ్చి వెనకనుంచి ఎక్కతారు. కాళ్ళు కడుక్కునే పైపు మోటారు కాడ ఉండేది దానికే గదా. ఇదిగో, ఇది పిల్లను ఎత్తుకున్న మనిషిది. బరువుగా పడింది చూడు.”

మునీంద్ర చూశాడు. నూరా చంకలో ఉంటే పాదం అట్లాగే పడుతుంది. పార్వతి దిగింది, కాళ్ళు తడుపుకుంది, నవ్వుకుంటూ వెనకనుంచి ఎక్కి వచ్చింది. ఆ వచ్చిన అడుగులనే తను ముందు తుడిచాడు. కష్టమైంది ముందు కానిచ్చాడు. ఛీ, నా చేతులు పడిపోను అనుకున్నాడు. వలి లైట్లు వేసి టీ పెట్టమన్నాడు.

ఆ వారంలోనే కబ్ద్ నుంచి ఫోను వచ్చింది. తోటలో వంట చేసే సుల్తాన్‌బీ దయతలచి తన ఫోను ఇచ్చిందట.

“బాగుండావా అయ్యా?” పార్వతి గొంతు బొంగురుపోయి ఉంది. “నాదేముంది, ఇసక, గొర్రెలు. తాగే నీళ్ళు ట్యాంకరు వస్తేనే. ఒక మాట అడగాలని శానా దినాలుగా ఉంది. ఆ పొద్దు నువ్వుండావు గదా. నా అడుగులు ఏ దాంట్లోనూ పడలేదా?”

మునీంద్ర గోడకు ఆనుకున్నాడు. ఉన్న నిజం గొంతుదాకా వచ్చింది.

“పడలేదు మే,” అన్నాడు.

“పోనీలే, ఏడుస్తాండావా ఏంది? నాకు రాసిపెట్టి లేదు, అంతే,” అంది ఆమె. “పడింటే నువ్వు చూడకుండా ఉంటావా.”

సుల్తాన్‌బీ పిలుస్తోందని ఫోను పెట్టేసింది.